గ్లాక్ నైట్ సైట్లు మసకబారితే: కొలతలు ముందు, సుత్తి తర్వాత

పదేళ్లు దాటిన పిస్టల్ మీద నైట్ సైట్లు, అంటే చీకట్లో గురి పెట్టడానికి ముందూ వెనకా ఉండే వెలిగే చుక్కల దిమ్మెలు, మసకబారగానే చాలామంది వాటి మీద టార్చిలైటు వేసి చూస్తారు. కాసేపు బాగానే వెలుగుతాయి. పది నిమిషాలు గడిచాక మళ్లీ మామూలే. ఆ కాసేపు వెలిగింది చుక్క చుట్టూ ఉన్న రంగు వలయం. అందులో ఉండేది వెలుతురు పీల్చుకుని నెమ్మదిగా వదిలే పొడి, ఎక్కువగా స్ట్రాన్షియం అల్యూమినేట్. మధ్యలో ఉన్న చిన్న గాజు గొట్టం వేరే సంగతి. అందులో ట్రిటియం వాయువు ఉంటుంది. దానికి టార్చితో పని లేదు, ఇంట్లో దాన్ని మళ్లీ నింపే దారీ లేదు. గొట్టం ఒక్కటే మార్చుకోవడం మన చేతుల్లో ఉండే పని కాదు కాబట్టి సైటు మొత్తం మార్చాలి, లేదా కంపెనీకే పంపాలి.

ట్రిటియం అంటే హైడ్రోజన్‌లో రేడియోధార్మిక రకం. గాజు గొట్టం లోపలి గోడకు ఫాస్ఫర్ పూత పూసి, ట్రిటియం నింపి, మూతి కరిగించి మూసేస్తారు. ట్రిటియం నుంచి వచ్చే ఎలక్ట్రాన్లు ఆ పూతను తాకినప్పుడల్లా వెలుగు పుడుతుంది. బ్యాటరీ అక్కర్లేదు, చార్జింగ్ అక్కర్లేదు, ఆపడానికి స్విచ్చీ లేదు. దీని అర్ధాయువు 12.32 ఏళ్లు. లెక్క వేస్తే 5 ఏళ్లకు 75 శాతం, 8 ఏళ్లకు 64, 10 ఏళ్లకు 57, 15 ఏళ్లకు 43, 20 ఏళ్లకు 32 శాతం వాయువు మిగులుతుంది. కంటికి కనపడే వెలుగు మాత్రం ఇంతకంటే త్వరగా పడిపోతుంది, ఎందుకంటే ఎలక్ట్రాన్ల దెబ్బలు ఏళ్ల తరబడి తింటూ ఫాస్ఫర్ పూత కూడా బలహీనపడుతుంది. కంపెనీలు పన్నెండేళ్లని చెప్పే మాటకు అర్థం ఆ తేదీ దాకా కొత్తదానిలా వెలుగుతుందని కాదు. అప్పటికి సగమో, సగం కంటే తక్కువో మిగులుతుందని.

రంగు కూడా ముఖ్యమే. చీకటికి అలవాటుపడిన కన్ను 507 నానోమీటర్ల దగ్గర, అంటే నీలం కలిసిన పచ్చ దగ్గర, అన్నిటికంటే చురుగ్గా ఉంటుంది. అదే మోతాదు వాయువు ఉన్నా పచ్చ గొట్టం బాగా కనిపిస్తుంది, పసుపు, నారింజ గొట్టాలు మొదటి రోజు నుంచే డల్‌గా ఉంటాయి, కంటికి ముందే ఆరిపోయినట్టు అనిపిస్తాయి. వెనక పసుపు, ముందు పచ్చ ఉన్న సెట్లో వెనకవి ముందు పోయాయంటే ఆశ్చర్యపోవాల్సింది లేదు.

మార్చాలో వద్దో తేల్చుకునే ముందు సరిగ్గా పరీక్షించండి. లైట్ల వెలుతురులోంచి నేరుగా చీకటి గదిలోకి వెళ్లి చూస్తే నిన్న కొన్న సైటు కూడా చచ్చినట్టే కనిపిస్తుంది. పరదాలు వేసి, ఫోన్ పక్కన పెట్టి, 20 నుంచి 30 నిమిషాలు చీకట్లో కూర్చున్నాక ఖాళీ పిస్టల్‌ను చేయి చాపి చూడండి. మూడు చుక్కలూ సమానంగా డల్ అయి ఉంటే అది వయసు. రెండు బాగుండి ఒకటి పూర్తిగా నల్లగా ఉంటే అది వయసు కాదు. గొట్టం పగిలి వాయువు పోయింది. వారంటీలో ఉంటే కంపెనీకి రాయాల్సిన విషయం అది. సైటు పక్కన చిన్న అక్షరాల్లో హెచ్-3 (అంటే ట్రిటియం) అన్న గుర్తు, తయారీదారు పేరు ఉంటాయి. కొత్త సెట్టు కొనేటప్పుడు తయారీ తేదీ తప్పకుండా అడగండి. రెండేళ్లు దుకాణంలో షెల్ఫు మీద ఉన్న సెట్టు అంటే మీరు కొనకముందే పది శాతం ట్రిటియం తగ్గిపోయినట్టే.

రేడియేషన్ అన్న మాట వినగానే భయపడేవాళ్లున్నారు, అసలు పట్టించుకోనివాళ్లూ ఉన్నారు. రెండూ సరికాదు. ట్రిటియం వదిలే బీటా కణానికి గరిష్ఠంగా 18.6 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల శక్తే. గాలిలో అరసెంటీమీటరు దాటి పెద్దగా పోలేదు, గాజును దాటలేదు, చర్మం పైపొరను దాటలేదు. ఒక సెట్టులో ఉండేది కొన్ని పదుల మిల్లీక్యూరీలు (రేడియోధార్మికతను కొలిచే ప్రమాణం). గొట్టం పగిలితే కిటికీలు తెరిచి గది వదిలి బయటికి రండి. వాయువు గాలిలో త్వరగా కలిసిపోతుంది. కాసేపాగి చేతికి గ్లవుజులు వేసుకుని ముక్కలు తడి టిష్యూతో తీసి, ఒక జిప్ కవరులో వేసి, చేతులు సబ్బుతో కడుక్కోండి. గొట్టాన్ని పిన్నుతో పొడిచి బయటికి లాగడం, పాత గొట్టాన్ని ఇంకోచోట అతికించడం లాంటివి మాత్రం అస్సలు వద్దు. అమెరికాలో అణు నియంత్రణ సంస్థ ఎన్‌ఆర్‌సీ నిబంధనల ప్రకారం లైసెన్సు తయారీదారుకూ దిగుమతిదారుకూ ఉండాలి. పూర్తయిన సైటును వాడుకునేవాడికి లైసెన్సు అక్కర్లేదు. ఆ మినహాయింపు పూర్తయిన సైటుకే గానీ విప్పి ఆడుకునే గొట్టానికి కాదన్నది గుర్తుంచుకోవాలి.

ఈ వాయువు ఎక్కడి నుంచి వస్తుందంటే, ప్రధానంగా భారజలం వాడే అణు రియాక్టర్ల నుంచి. భారజలంలోని డ్యుటీరియం న్యూట్రాన్‌ను పట్టుకుంటే ట్రిటియం అవుతుంది. కెనడాలోని ఒంటారియోలో డార్లింగ్టన్ అణు కేంద్రంలో రియాక్టర్ల భారజలం నుంచి దాన్ని వేరు చేసే ప్లాంటు ఉంది. మన మణుగూరులో తయారయ్యే భారజలం కూడా వెళ్లేది ఇదే రకం రియాక్టర్లకు. అక్కడ ఫ్యాక్టరీలో ఉన్నప్పుడు అందులో చెప్పుకోదగ్గ ట్రిటియం ఉండదు, రియాక్టర్లో ఏళ్లు గడిచాకే పోగవుతుంది.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఇంకో మాట, ఇది సైట్ల కంటే ముఖ్యం. హెచ్-1బి, ఎల్-1, ఎఫ్-1 లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్లకు ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం నిషిద్ధం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులున్నాయి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు ఈ నిషేధం వర్తించదు. "మా బావ పిస్టల్, సైట్లు మార్చి ఇస్తా" అని వీసా మీద ఉన్నవాడు ఇంటికి తెచ్చుకున్నా అది దగ్గర ఉంచుకున్నట్టే లెక్క. పిస్టల్ ఎవరిదో వాళ్ల ఇంట్లో, వాళ్ల చేతులతోనే ఈ పని జరగనివ్వండి.

ఇక గ్లాక్ కంపెనీ 9 ఎంఎం పిస్టల్ గ్లాక్ 19 సంగతి. దీన్నే ఎంచుకోవడానికి కారణం ఇందులో రెండు రకాల బిగింపులూ ఉన్నాయి. ముందు సైటు స్లైడ్ (పిస్టల్ పైన ముందుకూ వెనక్కీ కదిలే లోహపు భాగం) అడుగు నుంచి ఒక చిన్న స్క్రూతో, వెనక సైటు డవ్‌టెయిల్ గాడిలో, అంటే అడుగున వెడల్పుగా, పైన ఇరుకుగా ఉండే వాలు అంచుల గాడిలో, ఒత్తిడి మీద. గ్లాక్ 17, 19, 26, 34 లాంటి 9 ఎంఎం మోడళ్లకు సాధారణంగా ఒకే సెట్టు సరిపోతుంది. సన్నటి 42, 43, 43ఎక్స్, 48 మోడళ్లకు వేరే సెట్టు. 10 ఎంఎం, .45 పిస్టళ్లకు ఎత్తు తేడా. ఫ్యాక్టరీ వెనక సైట్లే 6.1, 6.5, 6.9, 7.3 మిల్లీమీటర్ల ఎత్తుల్లో వస్తాయి. 9 ఎంఎంకు మామూలుగా ఉండేది 6.5. అందుకే ఒక సెట్టులోంచి ముందుది, ఇంకో సెట్టులోంచి వెనకది తీసుకుని కలపొద్దు. అలా కలిపినవాళ్లకు చుక్కలు చక్కగా వెలుగుతాయి, తూటా మాత్రం నాలుగు అంగుళాల కింద పడుతుంది. స్లైడ్ మీద రెడ్ డాట్ (అద్దంలో ఎర్ర చుక్క చూపించే గురి పరికరం) ఉంటే మామూలు ఎత్తు సైట్లు దాని వెనక దాక్కుంటాయి, ఎత్తైన సెట్టు కావాలి.

మూడు చుక్కలూ ఒకే రంగు, ఒకే వెలుగు ఉన్న సెట్టు నాకు నచ్చదు. పూర్తి చీకట్లో స్లైడ్ ఆకారం కనపడదు, చుక్కలు మాత్రమే కనపడతాయి. తొందరలో ముందు చుక్క, రెండు వెనక చుక్కలకు మధ్యలో కాకుండా ఒక పక్కకు పడినా మూడూ వరుసగానే కనిపిస్తాయి. గురి తప్పిందని కన్ను చెప్పదు. ముందు చుక్క పెద్దగా పచ్చగా, చుట్టూ నారింజ లేదా పసుపు వలయంతో ఉండి, వెనకవి చిన్నగా లేదా వేరే రంగులో ఉంటే ఈ గందరగోళం ఉండదు. వెనక పూర్తిగా నల్లగా ఉండే సెట్లూ ఉన్నాయి, అవీ మంచివే. ఇంకో సంగతి. నైట్ సైటు మీ పిస్టల్ ఎటు చూస్తోందో చెబుతుందే గానీ ఎదుట ఉన్నది ఎవరో చెప్పదు. దానికి ఫ్లాష్‌లైటే కావాలి.

సామాను చెబుతాను. ముందు సైటుకు 3/16 అంగుళం హెక్స్ నట్ డ్రైవర్, కానీ హార్డ్‌వేర్ షాపులో దొరికే మామూలుది కాదు, గోడ పలచగా ఉండే గ్లాక్ ఫ్రంట్ సైట్ టూల్. స్లైడ్ లోపల స్క్రూ చుట్టూ చోటు ఇరుకు, మామూలు సాకెట్ గోడ మందం వల్ల తల మీద పూర్తిగా కూర్చోదు, తిప్పితే మూలలు అరిగిపోతాయి. వెనక సైటుకు సైట్ పుషర్ (స్క్రూ తిప్పుతూ సైటును గాడిలో పక్కకు నెట్టే పరికరం) ఉంటే మేలు. లేకపోతే మెత్తని దవడలున్న వైస్, ఇత్తడి లేదా నైలాన్ పంచ్, చిన్న సుత్తి. వెర్నియర్ కాలిపర్, మాస్కింగ్ టేప్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నీలం రంగు లాక్‌టైట్ (స్క్రూ వదులు కాకుండా పట్టే జిగురు), నల్ల మార్కర్, నునుపు ఆకురాయి, 400 నంబరు ఎమెరీ కాగితం, చదునైన గాజు ముక్క, కళ్లద్దాలు. గన్ షాపులో సైట్లు బిగించే కూలీ పుషర్ ధర కంటే తక్కువే. ఒక్క పిస్టలే ఉంటే షాపుకు ఇవ్వడం తెలివైన పని. నాలుగైదు ఉన్నవాడికి పుషర్ కొనడం గిట్టుబాటవుతుంది.

మ్యాగజైన్ తీసి, స్లైడ్ వెనక్కి లాగి, చాంబర్లో చూసి, చిటికెన వేలు పెట్టి తడిమి, మళ్లీ చూడండి. తూటాలన్నీ గది బయట. గ్లాక్‌ను విప్పాలంటే ట్రిగ్గర్ నొక్కక తప్పదు కాబట్టి ఇది మొక్కుబడిగా చేసే పని కాకూడదు. సురక్షితమైన దిక్కుకు పెట్టి ట్రిగ్గర్ నొక్కి, స్లైడ్ విడదీసి, స్ప్రింగు, బ్యారెల్ తీసి పక్కన పెట్టండి. స్లైడ్ లోపలి స్ట్రైకర్ (తూటాను పేల్చే మొన), ఎక్స్‌ట్రాక్టర్ (ఖాళీ తొడుగును లాగే కొక్కెం) తీయనక్కర్లేదు.

పాతవి కదపక ముందే కొలవండి. చాలామంది ఈ ఒక్క పని వదిలేసి తర్వాత తంటాలు పడతారు. గ్లాక్ 19 స్లైడ్ వెడల్పు దాదాపు 25.5 మిల్లీమీటర్లు. స్లైడ్ ఎడమ అంచు నుంచి సైటు ఎడమ అంచు దాకా ఎంత, కుడి పక్క ఎంత, రెండూ కాగితం మీద రాయండి. పాత సైటు సరిగ్గా మధ్యలో లేకపోయినా తూటా మధ్యలోనే పడుతూ ఉండి ఉంటే ఆ తేడా మీ పిస్టల్‌కు, మీ చేతికి అవసరమైన తేడా. కొత్త సైటును మొదట అక్కడే పెట్టాలి. ముందు, వెనక సైట్ల ఎత్తు కూడా స్లైడ్ పైభాగం నుంచి కొలిచి రాసుకోండి. కొత్త సెట్టు ఎత్తుల తేడా పాతదానికి దగ్గరగా ఉంటే గురి పెద్దగా మారదు.

ముందు సైటుతో మొదలెట్టండి. స్లైడ్‌ను తలకిందులుగా మెత్తటి గుడ్డ మీద పెట్టి, టూల్‌ను స్క్రూ తల మీద నిటారుగా కూర్చోబెట్టి ఎడమకు తిప్పండి. పాత గ్లాక్‌లలో ఫ్యాక్టరీ ప్లాస్టిక్ ముందు సైటుకు స్క్రూ ఉండదు, అడుగున ప్లాస్టిక్ కాడను ఒత్తి బిగిస్తారు. దాన్ని ప్లయర్స్‌తో మెలితిప్పితే ఊడిపోతుంది. స్క్రూ కదలకపోతే పాత లాక్‌టైట్ పట్టి ఉందని అర్థం. బలవంతం చేస్తే తల విరుగుతుంది. సోల్డరింగ్ ఐరన్ కొనను స్క్రూ తలకు అరనిమిషం ఆనించి వెంటనే తిప్పితే చాలాసార్లు వస్తుంది. గ్యాస్ టార్చి జోలికి మాత్రం పోవద్దు. గొట్టం చుట్టూ ఉన్న జిగురు కాలుతుంది, గాజు పగులుతుంది, స్లైడ్ పూత చెడుతుంది.

రంధ్రాన్ని, కొత్త స్క్రూ మరల్ని ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వండి. ముందు లాక్‌టైట్ లేకుండా ఒకసారి బిగించి చూడాలి. సైటు పాదం గాడిలోకి పూర్తిగా దిగిందా, స్లైడ్‌కూ సైటుకూ మధ్య వెలుతురు కనపడుతోందా, గొట్టం మీ వైపే చూస్తోందా అన్నవి చూసుకోండి. తిరగేసి బిగించడం విడ్డూరంగా అనిపిస్తుంది గానీ, వలయం లేని సన్నటి సైట్లలో ఇది జరుగుతుంది. అన్నీ సరిపోతే విప్పి, మరల మీద నీలం లాక్‌టైట్ ఒక చిన్న చుక్క వేసి బిగించండి. కొన్ని సెట్లతో ఎరుపు రకం పంపుతారు. నేను నీలమే వాడమంటాను, ఎందుకంటే ఎరుపును విప్పడానికి బాగా వేడి కావాలి, పదేళ్ల తర్వాత ఆ వేడి గొట్టం పక్కనే పెట్టాల్సి వస్తుంది. చుక్క ఎక్కువైతే పైకి కారి వలయం మీద, ప్లాస్టిక్ భాగాల మీద పడుతుంది, లాక్‌టైట్ కొన్ని ప్లాస్టిక్‌లను పగులగొడుతుంది. బిగింపు చేతి వేళ్ల బలంతో, ఆగిన తర్వాత ఇంకో చిన్న మెలిక, అంతే. ఆ స్క్రూ చాలా చిన్నది, భుజం బలం పెడితే తెగుతుంది. బ్యారెల్ పెట్టి ముందుకూ వెనక్కీ ఆడించి, స్క్రూ తల ఎక్కడా రాసుకోవడం లేదని చూడండి. లాక్‌టైట్ పూర్తిగా గట్టిపడటానికి 24 గంటలు. ఆలోపు కాల్చొద్దు.

అసలు పని వెనక సైటుది. స్లైడ్ పైన, పక్కన మాస్కింగ్ టేప్ వేయండి. పుషర్‌లో స్లైడ్‌ను సమతలంగా బిగించి, నెట్టే మొన సైటు పాదానికి, అంటే గాడికి వీలైనంత దగ్గరగా ఆనేలా పెట్టండి. పైన ఆనితే సైటు ఒరిగి గాడిలో ఇరుక్కుంటుంది. మామూలు పద్ధతి ఏమిటంటే వెనక నుంచి చూసినప్పుడు ఎడమ నుంచి కుడికి నెట్టి తీయడం, కుడి నుంచి ఎడమకు నెట్టి పెట్టడం. సెట్టుతో వచ్చిన కాగితంలో వేరేలా ఉంటే దాన్నే పాటించండి. ప్లాస్టిక్ ఫ్యాక్టరీ సైటు తేలిగ్గా వస్తుంది. స్టీలు సైటు ఏళ్ల తరబడి ఉండి ఉంటే తుప్పుతో పట్టేసి ఉండొచ్చు. గాడిలోకి పెనెట్రేటింగ్ ఆయిల్ వేసి రాత్రంతా వదిలేసి పొద్దున నెట్టండి. పంచ్‌తో చేసేవాళ్లు ఒక్క పెద్ద దెబ్బ కంటే, పంచ్‌ను పాదానికి గట్టిగా ఆనించి ఒకే బలంతో వరుసగా చిన్న దెబ్బలు వేయాలి. స్టీలు పంచ్ జారితే స్లైడ్ మీద గీత శాశ్వతం. ఇత్తడి మరక తుడిస్తే పోతుంది.

గాడిని బ్రష్‌తో, ఆల్కహాల్‌తో శుభ్రం చేసి కొత్త సైటును చేత్తో తోసి చూడండి. గాడి వెడల్పులో మూడో వంతు నుంచి సగం దాకా చేత్తో వెళ్లి ఆగితే అది మంచి బిగువు, మిగతాది పుషర్‌తో పోతుంది. అసలు మొదలే కాకపోతే ఆకురాయి తీయాలి, కానీ స్లైడ్ మీద కాదు, సైటు మీద. ఎప్పుడైనా సరే చవకైన భాగాన్నే అరగదీయాలి. పాదం అడుగును మార్కర్‌తో నల్లగా పూసి, గాడిలోకి వెళ్లినంత నెట్టి వెనక్కి తీయండి. నలుపు పోయి మెరిసే చోటే పట్టేస్తోంది. ఎమెరీ కాగితాన్ని గాజు మీద పరిచి, దాని మీద సైటు పాదాన్ని చదునుగా పెట్టి ఒకే దిశలో రెండు మూడు సార్లు రుద్దండి, మళ్లీ నలుపు పూసి చూడండి. వాలు అంచులు అరగదీయడం కంటే అడుగు అరగదీయడం మేలు. అడుగు చదునుగా ఉంటుంది, రెండు వైపులా బిగువు ఒకేలా తగ్గుతుంది. వాలు అంచు ఒక పక్క ఎక్కువ పోతే సైటు ఒరుగుతుంది. ఓపిక లేనివాడు ఇక్కడే పాడు చేసుకుంటాడు. పది సార్లు రుద్ది ఒకసారి చూసేకంటే రెండు సార్లు రుద్ది ఐదు సార్లు చూడటం నయం. అరగదీసిన చోట పూత పోతుంది కాబట్టి పెట్టే ముందు పలచగా నూనె రాయండి.

దీనికి ఎదురు సమస్య, సైటు చేత్తోనే ఈ చివర నుంచి ఆ చివర దాకా జారిపోవడం. సన్న రేకు ముక్క పెట్టి సరిపెట్టే ప్రయత్నం చేయొద్దు. వందల సార్లు స్లైడ్ వెనక్కి ముందుకి కొట్టుకునేటప్పుడు అది కదులుతుంది. సెట్టును వెనక్కి పంపి ఇంకోటి తెప్పించండి. పక్కన చిన్న స్క్రూ ఉండే సైట్లలో ఆ స్క్రూ అదనపు భద్రతకే, వదులును సరిచేయడానికి కాదు. దాన్ని అతిగా బిగిస్తే సైటు పైకి లేచి గాడి అంచులను ఒత్తుతుంది.

నెట్టేటప్పుడు సగం దాటాక ప్రతి అరమిల్లీమీటరుకూ ఆగి కొలవండి. రాసుకున్న పాత కొలతకు వచ్చాక ఆపండి. పాత సైటు ఫ్యాక్టరీది, ఎప్పుడూ కదపలేదు అనుకుంటే రెండు పక్కలా సమానంగా పెట్టండి. సైటు అంచు నుంచి స్లైడ్ మీదికి పెయింట్ పెన్నుతో సన్నటి గీత గీస్తే తర్వాత కదిలిందో లేదో ఒక్క చూపులో తెలుస్తుంది.

ఇతర పిస్టళ్లలో జాగ్రత్త పడాల్సినవి కొన్ని. స్మిత్ అండ్ వెసన్ ఎం అండ్ పీలో వెనక సైటుకు ఒక స్క్రూ ఉంటుంది, దాన్ని ముందు వదులు చేయాలి. అంతకంటే ముఖ్యం, ఆ సైటు కింద స్ట్రైకర్ బ్లాక్ స్ప్రింగు, దాని మూత ఉంటాయి. సైటు పక్కకు జరగగానే ఎగిరి గదిలో ఎక్కడో పడతాయి. సైటు తీసేటప్పుడు వేలు అడ్డం పెట్టండి. సిగ్ సైట్ల మీద ఎత్తును చెప్పే నంబర్లుంటాయి, అవే నంబర్లతో కొనాలి. సిగ్ పీ320లో ముందు సైటు కూడా డవ్‌టెయిలే, బాగా బిగువు, పంచ్‌తో ప్రయత్నించకపోవడమే మంచిది. బెరెట్టా 92ఎఫ్ఎస్‌లో ముందు సైటు స్లైడ్‌లో భాగం, విడిగా రాదు. దానికి రంధ్రం వేసి గొట్టం పెట్టడం గన్‌స్మిత్ పని. 1911ల్లో గాడి కొలతలు తయారీదారును బట్టి మారతాయి, మీ గాడి ఏ రకమో తెలుసుకోకుండా కొనొద్దు.

ఇక గురి సరిచూడటం. బెంచి మీద ఇసుక సంచికి పిస్టల్ ఆనించి 10 గజాల్లో ఐదేసి తూటాల గ్రూపులు రెండు మూడు కాల్చండి. ఒక్క గ్రూపు చూసి సైటు కదపొద్దు. కుడిచేతి వాటం వాళ్లకు ఎడమ పక్క కిందకు పడుతుంటే చాలాసార్లు సైటు తప్పు కాదు, ట్రిగ్గర్ గుంజుతున్నారు. ఇంకెవరినైనా నాలుగు తూటాలు కాల్చమంటే తేలిపోతుంది. నిజంగానే పక్కకు పోతుంటే లెక్క సులువు. తేడాను సైట్ల మధ్య దూరంతో గుణించి, టార్గెట్ దూరంతో భాగించాలి. గ్లాక్ 19లో సైట్ల మధ్య దూరం దాదాపు 153 మిల్లీమీటర్లు, 10 గజాలంటే 9,144 మిల్లీమీటర్లు. తూటా ఒక అంగుళం, అంటే 25.4 మిల్లీమీటర్లు పక్కకు పడుతుంటే సైటు కదపాల్సింది 0.42 మిల్లీమీటర్లు. అంటే అరమిల్లీమీటరు కూడా కాదు. సుత్తితో అంత కొంచెం కదపడం ఎంత కష్టమో ఇక్కడ అర్థమవుతుంది, పుషర్ విలువా ఇక్కడే తెలుస్తుంది. వెనక సైటును తూటా ఎటు జరగాలో అటే జరపాలి. తూటా కుడికి రావాలంటే సైటు కుడికి.

ఎత్తు తేడా వస్తే అదే లెక్క. 25 గజాల్లో 3 అంగుళాల కింద పడుతుంటే దాదాపు 0.5 మిల్లీమీటర్ల తేడా కావాలి, అంటే వెనకది అంత ఎత్తైనదో, ముందుది అంత పొట్టిదో. గొట్టం ఉన్న ముందు సైటును పైనుంచి ఆకురాయితో అరగదీసి పొట్టి చేయొద్దు, గొట్టం పైన మిగిలే స్టీలు చాలా తక్కువ. వేరే ఎత్తు సైటు కొనడమే దారి. దానికంటే ముందు సెట్టుతో వచ్చిన కాగితం చదవండి. కొన్ని సెట్లలో తూటా ముందు సైటు పై అంచు దగ్గర పడేలా, కొన్నిట్లో మధ్య చుక్క మీద పడేలా డిజైన్ చేస్తారు. రెండో రకాన్ని మొదటి రకంలా గురి పెడితే ప్రతిసారీ కింద పడుతుంది, సైటులో లోపమేమీ ఉండదు.

మొదటి వంద తూటాల తర్వాత ముందు స్క్రూ, వెనక గీత ఒకసారి చూడండి. శుభ్రం చేసేటప్పుడు బ్యారెల్ సాల్వెంట్ సైటు మీద పడితే వెంటనే తుడవండి, గొట్టం చుట్టూ ఉన్న జిగురు, వలయం రంగు దానికి తట్టుకోవు. స్లైడ్‌ను అల్ట్రాసోనిక్ క్లీనర్లో వేయొద్దు. చుక్క మీద మసి పేరుకున్నా డల్‌గా కనిపిస్తుంది, తడి కాటన్ బడ్‌తో తుడిస్తే చాలు.

తీసేసిన పాత సైట్లను చెత్తబుట్టలో వేయకండి. వాటిలో ఇంకా ట్రిటియం ఉంది, పన్నెండేళ్లవైనా సగం వాయువు మిగిలే ఉంటుంది. చిన్న జిప్ కవరులో వేసి, తయారీదారు పేరు, తీసిన తేదీ రాసి, కంపెనీకి మెయిల్ పెట్టి వెనక్కి ఎలా పంపాలో అడగండి. కొన్ని కంపెనీలు కొత్త గొట్టాలు వేసి ఇచ్చే సేవ కూడా నడుపుతాయి. సైటు ఒంటి మీద దెబ్బలేమీ లేకపోతే దాని ధరా కనుక్కోండి, కొత్త సెట్టు కొనడం కంటే అది నయమో కాదో అప్పుడు తేల్చుకోవచ్చు.